కొత్త రీలు మాత్రమే

అయినా అంత చిన్న అక్షరాల్లో ఎందుకు వేయించినట్టు, షాపు పేరు బెత్తెడు పొడవున, ఫోన్ నంబరు పైనా కిందా రెండుచోట్ల, తీరా ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి చీమలబారు, అదీ రసీదు వెనకవైపు, అదీ ఇంగ్లీషులో, ఫిల్ము పోయినా పాడైనా బదులుగా కొత్త రీలు మాత్రమే ఇవ్వబడును, అంతకుమించి షాపువారికి బాధ్యత లేదు, పన్నెండేళ్ళుగా రోజుకి నలభై యాభై రసీదులు చింపి చేతుల్లో పెట్టాడు గాని ఒక్కరికైనా వెనక్కి తిప్పి ఇది చదువుకోండి అని చూపించిన పాపాన పోలేదు, ఎవరూ అడగనూ లేదు, అడిగినవాళ్ళంతా రేపొస్తాయా ఎల్లుండొస్తాయా అనే అడిగారు, అనుకుంటూ సూరి చిలకలగూడ సందు మలుపు తిరిగాడు, తిరిగాక గాని గుర్తురాలేదు కాళ్ళకి రోజూ వేసుకునే చెప్పులే ఉన్నాయని, బూట్లు తుడిచి గుమ్మం పక్కనే పెట్టింది భార్య లోవలక్ష్మి, వకీలు గారి ఆఫీసుకి కాస్త మనిషిలా వెళ్ళండి అంది, పొద్దుటి నుంచి రెండుసార్లు గెడ్డం గీసుకున్నారు, ఏటయిందండీ మీకివాళ అని కూడా అంది, ఏమీ కాలేదు అన్నాడు, ఈ అయిదు నెలల్లో ఆ మాట ఎన్ని రకాలుగా అన్నాడో, ఏమీ కాలేదు, ఏమీ రాలేదు, ఏమీ లేదు, అంటూంటే నాలుక మీద అట్ట కట్టినట్టుంది, చొక్కా జేబులో మడత పెట్టిన రెండు కాగితాలు అడుగు అడుగుకీ గరగరమంటున్నాయి, చెయ్యి పెట్టి అదిమితే ఊరుకుంటున్నాయి, తీస్తే మళ్ళీ మొదలు.

అవి అఫిడవిట్టు నకలు, సూరి అను నేను, కాంతిరేఖ కలర్ ల్యాబ్‌లో ఫిల్ము కడుగు మిషను ఆపరేటరును, ప్రమాణపూర్వకంగా తెలియజేయునది, పదకొండింటికి క్లాక్ టవర్ దగ్గర లాయరు జీవరాజు గారి ఆఫీసులో నోటరీ ముందు సంతకం పెట్టాలి, మావయ్య అప్పటికే వచ్చి కూర్చుని ఉంటాడు, వరహాలబాబు మావయ్య, అమ్మకి పినతల్లి కొడుకు, అనకాపల్లిలో పది తప్పి తిరుగుతున్న తనని వెంటబెట్టుకొచ్చి, ఇదిగో ఇది డెవలపర్, ఇది బ్లీచ్, చెయ్యి పెట్టావంటే చర్మం ఊడిపోద్ది అంటూ పని నేర్పినవాడు, పెళ్ళి చేసినవాడు, ఎవరొచ్చినా మా సూరి చేతిలో ఒక్క రీలు చెడలేదండీ పన్నెండేళ్ళలో అని చెప్పుకునేవాడు, చెప్పుకుంటూ ఉంటే తను మిషను వెనక నిలబడి సిగ్గుపడేవాడు, ఆ సిగ్గు అప్పట్లో తియ్యగా ఉండేది, మొన్న లాయరు గారి దగ్గర కూడా అదే మాట అన్నాడు మావయ్య, ఒక్క రీలు చెడలేదండీ అని, లాయరు గారు రాసుకున్నారు కూడా, మూడో పేరాలో ఉంది, సదరు ఆపరేటరు పన్నెండేళ్ళ అనుభవం కలిగి, అది చదివి సూరి కాగితం మడిచేశాడు, స్టేషన్ ముందు ఆటోవాడు హారన్ కొడుతున్నాడు, తప్పుకోవాలి, తప్పుకున్నాడు, ఎదురుగా గోడంతా బోర్డులు, మూడు నెలల్లో జావా, ఆరు నెలల్లో అమెరికా ప్రాజెక్టు, అమ్మాయి నవ్వుతూ కంప్యూటరు ముందు కూర్చున్న బొమ్మ, షాపు మీద కేసు వేసిన నవత కూడా ఇలాంటి చోటే నేర్చుకుంటోందట, ఫిర్యాదు అక్కడి కంప్యూటరు మీదే టైపు చేసిందట, లాయరు లేకుండా తనే ఫోరంలో వేసింది, కన్స్యూమర్ ఫోరంలో లాయరు అక్కర్లేదని కూడా సూరికి అప్పటిదాకా తెలీదు.

ముందొచ్చింది ఆ పిల్ల కాదు, తల్లి, విమలమ్మ, ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం, బొల్లారం నుంచి బస్సులో వచ్చి చెంగుతో మెడ తుడుచుకుంటూ కౌంటరు మీద రీలు పెట్టింది, పక్కింటి హవల్దారు కెమెరా అడిగి తీసుకున్నదట, జెర మంచిగ కడుగు బిడ్డా, మా ఆయన పువ్వున్నది అండ్ల అంది, సూరి సరిగ్గా వినలేదు, వినలేదని ఇప్పుడు అనుకోవడం గాని విన్నాడు, పువ్వేమిటి అనుకున్నాడు, పువ్వుల ఫొటోలు తీసేవాళ్ళు రోజుకి పదిమంది వస్తారు, కుండీ పక్కన పిల్లని నిలబెట్టి తీసినవీ, తలనిండా పూలజడ వేసి వెనక అద్దం పెట్టి తీసినవీ, అవతల మారేడుపల్లి పెళ్ళివాళ్ళు తొమ్మిది రీళ్ళు తెచ్చి పడేసి సాయంత్రానికే కావాలంటూ బల్ల మీద తాళంచెవులు టకటకలాడిస్తున్నారు, రసీదు చింపి ఇచ్చాడు, ఆమె దాన్ని నాలుగు మడతలు వేసి బొడ్లోని సంచిలో భద్రంగా దాచుకుంది, అంత భద్రంగా దాచుకున్న కాగితం వెనకాల తనకి వ్యతిరేకంగా ఏం రాసుందో ఆమెకి తెలీదు.

మూడోనాడు ఇద్దరూ వచ్చారు, ఆమే, ఆమె మొగుడు జంగయ్యా, పొడుగాటి మనిషి, గోళ్ళలో మట్టి, బొల్లారంలో ఒక పాత బంగళాకి ముప్పయ్యొక్క ఏళ్ళు తోటమాలి, ఆ బంగళా అమ్ముడుపోయింది, సాఫ్ట్‌వేర్ వాళ్ళ కోసం అపార్టుమెంట్లు కడతారట, ఏమీ రాలేదండీ, కెమెరాలో రీలు సరిగ్గా ఎక్కలేదేమో, ఖాళీగా వచ్చింది, అన్నాడు సూరి, ఆ అబద్ధం నోట్లోంచి ఎంత నున్నగా జారిందో, మరి మా రీలు మాకియ్యి అంది విమలమ్మ, అది చెత్తలో పోయిందమ్మా, ఖాళీదే కదా అని, అన్నాడు, లోపలి నుంచి మావయ్య వచ్చి పోనీలే పాపం అంత దూరం నుంచి వచ్చారని కొత్త రీలు ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు, రసీదు ప్రకారం మేము ఇవ్వగలిగింది ఇదేనమ్మా అన్నాడు మంచిగానే, జంగయ్య ఆ డబ్బాని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు, గట్టిగా మాట్లాడలేదు, స్టూలు మీద కూర్చుని, ఎనిమిదేండ్ల సంది చేసిన బిడ్డా, ఒక మందారం పుప్పొడి తీస్కొని ఇంకోదానికి పెట్టుకుంట, మొలిచినయన్నీ పాత రంగులే, మందారంల నేననుకున్న రంగు రాదని తోటి మాలీలందరు నవ్విన్రు, ఈ ఏడు ఒక్క చెట్టు పూసింది, ఒక్కటే పువ్వు, మా ఇంటోళ్ళు తప్ప ఎవ్వలు చూడలె, మందారమంటే ఒక్క దినం ఉంటది, పొద్దుగాల ఇచ్చుకుంటది మాపటికి ముడుసుకుంటది, మా పిల్ల కాలేజికి పోయేముందు ఫోటువ కొట్టింది, మూడో దినం జేసీబీ వచ్చింది, చెట్టు తవ్వి ఇంటికి తెచ్చి పెట్టిన, ఎండలకు బతకలె, ఇట్లా చెప్పి చెప్పి ఆగాడు, ఆగి ఆ డబ్బాని తిరిగి బల్ల మీద పెట్టేశాడు.

ఇంకో రీలు ఇస్తే నేనేం జేస్త బిడ్డా, పువ్వు లేదు గద.

ఆ మాట వెంటపడింది, అన్నం దగ్గర వెంటపడింది, స్నానం దగ్గర వెంటపడింది, ఇప్పుడు మోండా మార్కెట్ గుంపులో కూడా సూరి భుజం పక్కనే నడుస్తోంది, పచ్చిమిరప ఘాటు, కుళ్ళిన క్యాబేజీ ఆకులు చెప్పు కింద జారుతున్నాయి, రాత్రి కురిసిన వాన ఇంకా రాళ్ళ సందుల్లో ఉంది, ఒకామె నిన్న కొన్న సొరకాయని సంచిలోంచి తీసి లోపలంతా బెండు, గిట్లున్నదేంది అంటోంది, బుట్టల వెనక ముసలమ్మ మారుమాట లేకుండా దాన్ని పక్కకి విసిరేసి ఇంకొకటి తీసి గోరుతో గుచ్చి చూసి ఇచ్చింది, రసీదూ లేదు, వెనకవైపూ లేదు, అంతే, అయిపోయింది, సూరికి ఒక్క క్షణం ప్రాణం తేలికపడింది, ఇంతే కదా, మేమూ అంతే చేశాం కదా, పాడైనదానికి బదులు కొత్తది, అనుకున్నాడు, అనుకుని రెండడుగులు వేశాడో లేదో లోపలి నుంచి ఇంకో గొంతు, సొరకాయకి సొరకాయ వస్తుందిరా, ఆ ముసలమ్మ దగ్గర ఇంకా పాతికున్నాయి, ఆయన దగ్గరేమున్నాయి, ఆ గొంతు నోరు మూయించడానికి వేగంగా నడిచాడు, ఎవరి గంపకో తగిలాడు, కండ్లు నెత్తిమీదున్నయా అని తిట్టారు, తిట్టడం బాగుంది, ఎవరో ఒకరు తిట్టాలి.

నవత తిట్టలేదు, అదే కష్టం, పదిరోజుల తర్వాత వచ్చి రసీదు వెనక్కి తిప్పి గాజుబల్ల మీద పెట్టి, ఇది మా అమ్మకి చూపించిన్రా అని అడిగింది, లేదు, చదివి చెప్పిన్రా, లేదు, మా అమ్మ తెలుగే కూడబలుక్కుని చదువుతది, ఈ షరతుకి ఆమె ఒప్పుకున్నదని ఎట్లంటరు, అంది, మావయ్య అందరు ల్యాబులవాళ్ళూ ఇదే వేస్తారమ్మా అన్నాడు, అందరు వేస్తే చట్టమైతదా సార్ అంది ఆ పిల్ల మెల్లగానే, ఇంకో మాట, ఖాళీ రీలైతే మరి బదులు రీలెందుకిచ్చిన్రు, ఆ మాటకి మావయ్య నవ్వేసి మంచితనానికి పోయి ఇచ్చానమ్మా, తప్పయిందా అన్నాడు, ఆయన నిజంగానే మంచితనానికి ఇచ్చాడు, ఆయనకి తెలీదు, ఎవరికీ తెలీదు, సూరి చెప్పిందే మావయ్య నమ్మాడు, మావయ్య నమ్మిందే లాయరు గారు టైపు చేయించారు, లాయరు గారు మొన్న విప్పి చెప్పారు, చూడండి వరహాలబాబు గారూ, ఈ వెనకవైపు అచ్చు లైన్లు ఇదివరకులా నిలబడటం లేదు, కొనేవాడికి తెలియజెప్పని షరతు చెల్లదని ఫోరాలు తీర్పులిస్తున్నాయి, కాబట్టి రసీదు మీద ఆశ పెట్టుకోకండి, మనకున్న బలమల్లా ఫిల్ము ఖాళీగా వచ్చిందన్నదే, దానికి సాక్షి ఈ అబ్బాయి ఒక్కడే, అని పెన్నుతో సూరివైపు చూపించారు.

క్లాక్ టవర్ కనిపిస్తోంది, గడియారంలో పది నలభై, ఇరవై నిమిషాలుంది, పార్కు గోడకి ఆనుకుని నిలబడ్డాడు, ఆలోచించకూడదు అనుకున్నదే వస్తోంది, ఆ మధ్యాహ్నం, మిషను లోపల ఫిల్ము ఇరుక్కుంది, టకటకమని శబ్దం, రెండో మూత కింద ఇరుక్కున్నది బొల్లారం ఆవిడ రీలు, మొదటి మూత కింద వెనకాలే పెళ్ళివాళ్ళ రీలు, అది డెవలపర్లో ఎక్కువసేపు నిలబడితే మాడిపోతుంది, పద్ధతేమిటంటే దీపాలార్పి, తెర వేసి, చీకట్లో చేత్తో తడుముకుంటూ ఇరుక్కున్నదాన్ని విడిపించాలి, పావుగంట పడుతుంది, పావుగంటలో పెళ్ళి రీలు పోవచ్చు, పోతే ఆ పెళ్ళివాళ్ళు షాపు పీకి పందిరేస్తారు, సూరి చెయ్యి రెండో మూత మీద పడింది, వెలుతురులోనే, ఎత్తితే వెలుతురు తగిలి దాని కిందున్న రీలు నల్లగా కాలిపోతుందని తెలుసు, పన్నెండేళ్ళు తెలుసు, అయినా ఎత్తింది చెయ్యి, ఎందుకు ఎత్తింది, భయపడి కాదు, తొందరలో కాదు, ఆ అరక్షణంలో బుర్రలో ఒక మాట చాలా చల్లగా, చాలా స్పష్టంగా నడిచింది, ఈవిడకి కొత్త రీలిస్తే సరిపోతుంది, రసీదులో ఉంది కదా, అదీ జరిగింది, ఆ చీమలబారు అక్షరాలే తన చేతిని పట్టుకుని మూత ఎత్తించాయి, అవి లేకపోతే దీపాలార్పి ఉండేవాడు, రెండు రీళ్ళ కోసం పాకులాడి ఉండేవాడు, రెండూ పోతే పోయేవి, మావయ్య దగ్గరికెళ్ళి పోయాయి మావయ్యా అని ఏడ్చి ఉండేవాడు, ఒక రీలు చెడగొట్టినవాడు అనిపించుకుని ఇవాళ హాయిగా నిద్రపోయేవాడు.

ఆఫీసు మెట్లు ఇరుకు, గోడలకి ఉమ్మి మరకలు, పైన ఫ్యాను కింద మావయ్య కూర్చుని ఉన్నాడు, తెల్ల చొక్కా, రా రా సూరీ, టీ తాగుతావేటి అన్నాడు, వద్దన్నాడు, నోటరీ పక్కగదిలో ఉన్నాడట, జీవరాజు గారు కళ్ళజోడు సవరించుకుని కాగితం తిప్పి ముందు పెట్టారు, చదువుకున్నావా, చదివాను సార్, నేనోసారి పైకి చదువుతాను, తప్పుంటే ఆపు, ప్రమాణం చేసే కాగితం ఇది, ఊరికే పెట్టేది కాదు, అని మొదలుపెట్టారు, ఒకటో పేరా, రెండో పేరా, కింద రోడ్డు మీద బస్సు బ్రేకు కీచుమంది, మూడో పేరా, పన్నెండేళ్ళ అనుభవం, మావయ్య తల ఊపుతున్నాడు గర్వంగా, ఆ తల ఊపడం చూస్తూ సూరి లోలోపల అనుకున్నాడు, ఊపకు మావయ్యా, ఊపకు, నాలుగో పేరా, సదరు ఫిల్మును కడిగిన పిమ్మట అందులో ఏ బొమ్మయు లేదని నేను స్వయంగా చూసి నిర్ధారించితిని, అక్కడ లాయరు గారు ఎందుకో ఆగారు, అలవాటు చొప్పున ఆగారో, సూరి మొహంలో ఏం కనిపించిందో, కాగితం మీది నుంచి తలెత్తి, స్వయంగా చూశావు కదా బాబూ అన్నారు.

చూశానండి, అన్నాడు సూరి.

ఖాళీగానే ఉందా.

లేదండి.

ఫ్యాను తిరుగుతోంది, కాగితాల అంచులు లేస్తున్నాయి, పడుతున్నాయి, ఏటంటన్నావురా అన్నాడు మావయ్య, అరవలేదు, సరిగ్గా వినపడనివాడిలా అడిగాడు, ఇక మాటలు వాటంతటవే వచ్చేశాయి, మిషను ఇరుక్కోవడం, పెళ్ళి రీలు, మూత, వెలుతురు, అంతా, నేనే ఎత్తాను మావయ్యా, నీకు చెప్పలేదు, అన్నాడు, చెపితే నువ్వు తిట్టేవాడివి, తిట్టి ఊరుకునేవాడివి, అది కూడా తెలుసు, అయినా చెప్పలేదు, వరహాలబాబు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు, తుడుస్తూనే ఉన్నాడు, ఒక్క రీలు చెడలేదని ఊరంతా చెప్పుకున్నాన్రా నేను, అన్నాడు చివరికి, జీవరాజు గారు అఫిడవిట్టుని అడ్డంగా రెండు ముక్కలు చేసి బల్ల కింద బుట్టలో వేశారు, ఇక దీన్ని వాదించి లాభం లేదండీ, తప్పు ఒప్పుకుని వాళ్ళతో కూర్చుని మాట్లాడుకుందాం, ఫోరంకి రాజీ అని చెబుదాం, నష్టపరిహారం ఏమడిగితే అది, అన్నారు, మావయ్య సరేనన్నట్టు తలూపాడు, సూరి వైపు చూడలేదు, సూరి లేచి నిలబడితే, సాయంత్రం షాపుకి రా, మాటాడాల, అన్నాడు గోడకేసి చూస్తూ, రావొద్దు అనలేదు, అనవచ్చు సాయంత్రం, అంటే అననీ అనుకున్నాడు, మెట్లు దిగుతుంటే జేబులో గరగర లేదు, నకలు అక్కడే బల్ల మీద వదిలేసినట్టున్నాడు.

రోడ్డు దాటి ఇంటివైపు తిరగాలి, కాళ్ళు ప్యాట్నీ బస్సు స్టాపు వైపు నడిచాయి, బొల్లారం బస్సు నిలబడి ఉంది, ఎక్కాడు, కిటికీ పక్కన కూర్చున్నాడు, బస్సు కదిలింది, ఎండ మోకాళ్ళ మీద పడి జారుతోంది, అయిదు నెలలుగా అదిమిపెట్టినది ఇప్పుడు అడ్డం లేకుండా కళ్ళ ముందుకొచ్చింది, కాలిపోయిన ఆ రీలు మొత్తం నల్లబడలేదు, తోకవైపు రెండు ఫ్రేములు మొదటి మూత కిందే ఉండిపోయి బతికాయి, బుట్టలో పడేసే ముందు అలవాటు కొద్దీ దీపానికెత్తి చూశాడు, ఒకదాంట్లో పొడుగాటి మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు, అరచెయ్యి పువ్వు కింద పెట్టాడు, ముట్టుకోలేదు, పసిపిల్ల తల కింద చెయ్యి పెట్టినట్టు ఊరికే కింద పెట్టాడు, నెగెటివులో పువ్వు నీలంగా ఉంది, నీలం కనిపిస్తే అది పసుపు, అంచు చుట్టూ సన్నటి నీలి ఆకుపచ్చ గీత, అంటే ఎరుపు, పన్నెండేళ్ళు నెగెటివులు చదివిన కళ్ళు, తప్పు చదవవు, నిమ్మపండు పసుపు మందారం, అంచున కుంకుమ గీత, నడిమధ్య చీకటిలాంటి ముదురు మచ్చ, ఇలాంటిది లోకంలో ఉంటుందా అనుకున్నాడు ఆ క్షణంలో, అనుకుని బుట్టలో పడేశాడు, తిరుమలగిరి వచ్చింది, ఎవరో దిగారు, ఎవరో ఎక్కారు, రాజీ కుదురుతుంది, పరిహారం ఇస్తారు, కాగితాల మీద సంతకాలవుతాయి, ఆ ముసలాయన వాటిని కూడా కొత్త రీలు డబ్బాలాగే అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెడతాడు, ఇంట్లోవాళ్ళ మాట లెక్కకి రాదని తోటి మాలీలు నవ్వుతూనే ఉంటారు, ఇప్పుడు తను ఆయన గుమ్మంలో నిలబడితే ఆయన తలుపు మొహాన వెయ్యవచ్చు, చెయ్యి చేసుకోవచ్చు కూడా, చేసుకోనీ, దానికి ముందే పసుపు, అంచున ఎరుపు, మధ్యలో మచ్చ, అని చెప్పెయ్యాలి, ఆ రంగు ఆయన ఎవరికీ చెప్పలేదు ఆ రోజు షాపులో, తనూ ఎక్కడా వినలేదు, చూసినవాడు మాత్రమే చెప్పగలడు, క్షమించమనే మాట తర్వాత, ఆ పువ్వు పూసిందని ఆ ఇంటివాళ్ళు కాక తెలిసినవాడు ఈ భూమ్మీద ఒకే ఒక్కడున్నాడు, వాడు ఈ బస్సులో కూర్చుని బొల్లారం వెళ్తున్నాడు.